మీకు తెలుసా? వత్తు విరిగితే ఎవర్ని అడగాలి

లంబసింగి అనగానే అందరికీ చలి గుర్తొస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఏజెన్సీలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. అలాంటి చోట కూర్చుని డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టో, బడి పత్రికో, కొండ భాష మాటల పట్టికో అచ్చుకు తగ్గట్టు తయారు చేయాలంటే నెట్ మీద ఆధారపడని దారి కావాలి. ఆ దారి ఉంది, పైసా ఖర్చు లేదు. మామూలు టెక్స్ట్ ఎడిటర్, దానికి ఒక లాటెక్ యాడ్-ఆన్, వెనకాల పేజీలు పేర్చే టెక్ ఇంజిన్ ఉంటే చాలు. లాటెక్ అంటే ఆ ఇంజిన్‌కు ఆదేశాలు తేలిగ్గా రాసే పద్ధతి. తెలుగుతో ఇది ఎక్కడెక్కడ మొరాయిస్తుందో, ఎలా దారికొస్తుందో ఈసారి చూద్దాం.

బెల్లు కొట్టేది ఒకరు, బండి నడిపేది ఇంకొకరు

వీఎస్ కోడ్‌లో లాటెక్ వర్క్‌షాప్, విమ్‌లో విమ్‌టెక్, ఈమాక్స్‌లో ఆక్‌టెక్, సబ్లైమ్ టెక్స్ట్‌లో లాటెక్‌టూల్స్. వీటిలో ఏది వేసుకున్నా, దానంతట అది ఒక్క పేజీ కూడా తయారు చేయలేదని మీకు తెలుసా? నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఆర్టీసీ బస్సులో కండక్టరు బెల్లు కొడతాడు, ఘాట్ ఎక్కించేది డ్రైవరు. యాడ్-ఆన్ చేసేది కండక్టరు పని. పేజీ పేర్చే ఇంజిన్ టెక్ లైవ్‌లోనో మిక్‌టెక్‌లోనో ఉంటుంది, దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

అందుకే పీడీఎఫ్ రాకపోతే మొదటి పరీక్ష ఎడిటర్ బయట చేయాలి. టెర్మినల్ తెరిచి, ఇంజిన్‌ను పేరు పెట్టి పిలిచి, మీ ఫైలు ఇవ్వండి. అక్కడా పని జరగకపోతే తప్పు ఇంజిన్‌లోనో ఫైలులోనో ఉంది. అక్కడ జరిగి ఎడిటర్‌లో జరగకపోతే, ఇంజిన్ ఎక్కడుందో ఎడిటర్‌కు తెలియడం లేదన్నమాట. టెక్ లైవ్ వేసిన తర్వాత ఎడిటర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిస్తే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

లంబసింగిలో స్ట్రాబెర్రీ, విండోస్‌లో స్ట్రాబెర్రీ

లంబసింగి చుట్టుపక్కల తోటల్లో స్ట్రాబెర్రీ పండిస్తారని చాలామందికి తెలుసు. విండోస్ కంప్యూటర్‌లో లాటెక్ నడవడానికీ ఒక్కోసారి స్ట్రాబెర్రీ కావాలని మీకు తెలుసా? లాటెక్ వర్క్‌షాప్ మామూలుగా లాటెక్‌ఎంకే అనే సాధనంతో పని చేయిస్తుంది. అది పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రాం. మిక్‌టెక్‌తో పాటు పెర్ల్ రాదు. కాబట్టి పెర్ల్ దొరకలేదన్న ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. స్ట్రాబెర్రీ పెర్ల్ అనే ఉచిత ప్యాకేజీ వేసుకుంటే సమస్య తీరుతుంది. టెక్ లైవ్ వాడేవాళ్లకు ఈ బెడద లేదు, తనకు కావలసిన పెర్ల్‌ను అది వెంట తెచ్చుకుంటుంది.

కొండ ఎక్కే ముందే దించుకోవాల్సింది

మిక్‌టెక్ మొదట కొంచెమే ఇన్‌స్టాల్ అయి, మీ ఫైలు అడిగిన ప్యాకేజీని అప్పటికప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. పట్నంలో ఇది సుఖమే. సిగ్నల్ లేని చోట అదే ఫైలు మధ్యలో ఆగిపోతుంది, మీరేమో తప్పు రాశామనుకుని వెతుక్కుంటూ ఉంటారు. ఏజెన్సీలో పనిచేసేవాళ్లు టెక్ లైవ్ పూర్తి ప్యాకేజీని నర్సీపట్నంలోనో విశాఖలోనో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం మేలు. కొన్ని గిగాబైట్లు ఉంటుంది. ఒకసారి వేసుకున్నాక మాత్రం నెట్ అడగదు.

‘క’ అంటే ఏమిటని అడిగే ఇంజిన్

తెలుగు ఫైలు ఇవ్వగానే ‘యూనికోడ్ అక్షరం క లాటెక్‌లో ఏర్పాటు కాలేదు’ అనే అర్థంలో ఎర్రర్ వస్తే కంగారు పడకండి. మీ యాడ్-ఆన్ పీడీఎఫ్‌లాటెక్ అనే పాత ఇంజిన్‌ను పిలుస్తోంది. దానికి తెలుగు ఓపెన్‌టైప్ ఫాంట్లు చదవడం రాదు. తెలుగుకు జీలాటెక్ గానీ లువాలాటెక్ గానీ కావాలి.

ఫైలు మొదటి వరుసలో ఏ ఇంజిన్ వాడాలో రాసే అలవాటు ఉంది. ఆ వరుసను లాటెక్ వర్క్‌షాప్ పట్టించుకోవాలంటే సెట్టింగులలో అనుమతి ఇచ్చి ఉండాలి, లేకపోతే ఆ వరుస ఉన్నా లేనట్టే. ఇంకా నమ్మకమైన పద్ధతి లాటెక్‌ఎంకే సెట్టింగుల ఫైలును మీ ఫోల్డరులోనే పెట్టుకోవడం. అందులో పీడీఎఫ్ మోడ్ 4 అంటే లువాలాటెక్, 5 అంటే జీలాటెక్. ఏ ఎడిటర్‌లో తెరిచినా, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా యాడ్-ఆన్ వేరే ఇంజిన్‌ను పేరు పెట్టి అడగనంత వరకు ఆ మాట చెల్లుతుంది.

ఎర్రర్ లేదు, అక్షరమూ లేదు

ఇంజిన్ మార్చారు, ఎర్రర్ పోయింది, పీడీఎఫ్ వచ్చింది. తెరిస్తే ఇంగ్లిష్ ఉంది, తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ. ఎందుకో మీకు తెలుసా? మీరు ఫాంటు పేరు చెప్పకపోతే జీలాటెక్ తన సొంత రోమన్ ఫాంటు తీసుకుంటుంది, అందులో తెలుగు అక్షరాలు లేవు. లేని అక్షరాన్ని అది వదిలేసి ముందుకెళ్తుంది. ఏ అక్షరం ఏ ఫాంటులో లేదో లాగ్ ఫైలులో మాత్రం ఒక్కొక్కటే రాసి పెడుతుంది. టెక్ లైవ్ 2021 నుంచి ‘ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్’ అనే విలువను 3 చేస్తే లేని అక్షరం దగ్గర నేరుగా ఎర్రర్ చూపిస్తుంది. నిఘంటువుల లాంటి పనికి ఇది తప్పనిసరి. వందల పేజీల్లో ఒక్క అక్షరం రాలిపోతే కంటితో పట్టుకోలేం.

ఫాంట్లకు కొరత లేదు. తిరుమల కృష్ణదేశికాచార్యుల పోతన2000, వేమన2000 ఉన్నాయి. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, పెద్దన లాంటివి ఉచిత లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి.

వత్తు విరిగితే

ఫాంటు సరైనదే పెట్టారు, అయినా ‘అమ్మ’ అన్న మాట ‘అమ్‌మ’ అయి కూర్చుంది. ఫాంటును తిట్టుకోనక్కర్లేదు. ఫాంటు పేరుతో పాటు లిపి తెలుగు అని కూడా చెప్పాలి. ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో స్క్రిప్ట్ అనే ఐచ్ఛికం అందుకే ఉంది. అది చెబితేనే ఇంజిన్ ఫాంటులోని తెలుగు నియమాలను తెరిచి, హల్లు కింద వత్తునూ తలకట్టు చోట గుణింతాన్నీ సరిగ్గా కూర్చుతుంది. లువాలాటెక్ వాడేవాళ్లు రెండరర్‌గా హార్ఫ్‌బజ్‌ను కూడా ఎంచుకోవాలి. 2020 టెక్ లైవ్ నుంచి అది లువాలాటెక్‌లో భాగంగానే వస్తోంది.

ఇందుకు తోడు, ఎడిటర్ తెరమీద వత్తులు సగం కోసినట్టు కనిపిస్తే అది ఎడిటర్ సంగతే. సెట్టింగులలో వరుస ఎత్తు పెంచితే సరిపోతుంది, పీడీఎఫ్‌కు దానితో సంబంధం లేదు.

శాతం గుర్తు మింగేసిన వాక్యం

కాఫీ రైతుల కోసం ఒక కరపత్రం రాస్తున్నారనుకోండి. ‘గింజలో తేమ 11% వరకు దిగేదాకా ఎండబెట్టాలి’ అని టైపు చేశారు. పీడీఎఫ్‌లో ‘గింజలో తేమ 11’ దగ్గర వాక్యం తెగిపోయింది. ఎర్రర్ రాలేదు, వార్నింగూ రాలేదు. టెక్‌కు శాతం గుర్తు అంటే ‘ఇక్కడి నుంచి వరుస చివరిదాకా చదవకు’ అని అర్థం. గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ పెడితే శాతం శాతంగానే అచ్చవుతుంది. డాలరు, హ్యాష్, అండర్‌స్కోర్, ఆంపర్‌సాండ్ గుర్తులకూ అదే మందు. ఎడిటర్ రంగుల్ని గమనిస్తూ ఉండండి. వాక్యం మధ్యలో అక్షరాల రంగు మారిపోతే అక్కడ మీరు రాసినది వ్యాఖ్యగా మారిపోయిందని యాడ్-ఆన్ చెబుతున్నట్టే.

ముప్పై ఎర్రర్లలో చదవాల్సింది ఒక్కటే

ఒక్క మీసాల బ్రాకెట్ మూయడం మరిచిపోతే ఎర్రర్ల జాబితా తెర నిండుతుంది. వాటిలో మొదటిది మాత్రమే చదవండి. మిగతావి చాలావరకు దాని వెంట పుట్టినవే. లాగ్‌లో ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే వరుస ఏం జరిగిందో చెబుతుంది. దాని కింద వరుస సంఖ్య ఉంటుంది. దాని పక్కన చూపే మీ వాక్యం ఎక్కడ రెండు ముక్కలుగా విరిగి కనిపిస్తే ఇంజిన్ అక్కడ ఆగిందన్నమాట. తప్పు ఆ చోటో, దానికి కొంచెం పైనో ఉంటుంది. తప్పు దిద్దినా పాత ఎర్రరే వస్తుంటే, వెనకటిసారి మిగిలిన సహాయక ఫైళ్లు చెడి ఉంటాయి. యాడ్-ఆన్‌లోని శుభ్రం చేసే ఆదేశంతో వాటిని తుడిచేసి మళ్లీ నడపండి.

పీడీఎఫ్ నుంచి వాక్యానికి ఒక్క నొక్కు

పీడీఎఫ్‌లో ఒక పదం మీద కంట్రోల్ మీట పట్టుకుని నొక్కితే ఎడిటర్‌లో ఆ పదం ఉన్న వరుస తెరుచుకుంటుందని మీకు తెలుసా? ఇది 2008 టెక్ లైవ్‌తో వచ్చిన సింక్‌టెక్ సాయం. రూపొందించింది జెరోమ్ లోరెన్స్. కానీ అది చూసేది వరుసల్ని. మీరు పేరా మొత్తాన్ని ఒకే వరుసగా టైపు చేస్తే ప్రతిసారీ పేరా మొదటికే వెళ్తుంది. వాక్యానికో వరుస చొప్పున రాయండి. ఒక్క ఎంటర్‌ను టెక్ ఖాళీగానే లెక్కిస్తుంది కాబట్టి పేజీలో తేడా రాదు, ప్రూఫు దిద్దేటప్పుడు మాత్రం బోలెడు సమయం మిగులుతుంది.

కంటికి కనిపించని అక్షరం

‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద వ వత్తు రాకుండా ఆపేది ఒక కనిపించని అక్షరం. దాని వెడల్పు సున్నా. కొన్ని ఎడిటర్లు ఇలాంటి కనిపించని అక్షరాల చుట్టూ హెచ్చరికగా గడి గీస్తాయి. అది చూసి చెత్త అనుకుని అన్నిటినీ ఒక్కసారిగా తీసేస్తే పుస్తకం నిండా వత్తులు తప్పుగా పడతాయి. ఇంకో సంగతి, ఆ అక్షరం ఉన్న మాట, లేని మాట ఎడిటర్ వెతుకులాటలో వేరువేరు. వెతికిన పదం దొరకకపోతే రెండు విధాలా వెతకండి.

అంచు దాటిన సమాసం

‘ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్’ అన్న వార్నింగ్‌లో 5 పాయింట్లు అని ఉంటే, వరుస కుడి అంచును దాదాపు 1.8 మిల్లీమీటర్లు దాటిందని అర్థం. మాటకు మాట అతుక్కుపోయే తెలుగులో ఇది తరచూ వస్తుంది. పాలిగ్లోసియా ప్యాకేజీతో భాష తెలుగు అని చెబితే మాటను అక్షరాల మధ్య ఎక్కడ విరవొచ్చో ఇంజిన్‌కు తెలుస్తుంది. ఆ విరుపు సూత్రాలను తెలుగుతో పాటు మరెన్నో భారతీయ భాషలకు తయారు చేసి ఇచ్చింది కేరళకు చెందిన సంతోష్ తోట్టింగళ్.

చిన్న భాషల కోసం పుట్టిన పెద్ద పనిముట్టు

2004లో జొనాథన్ క్యూ, జీలాటెక్‌కు మూలమైన జీటెక్‌ను విడుదల చేసినప్పుడు ఆయన పనిచేస్తున్నది ఎస్ఐఎల్ అనే సంస్థలో. ప్రపంచం నలుమూలలా కొద్దిమంది మాట్లాడే భాషల మీద పనిచేసే సంస్థ అది. అంటే తూర్పు కనుమల్లోని కువి, కొండ, సవర లాంటి భాషల వాళ్ల అవసరాన్నే ఎదురుగా పెట్టుకుని తయారైన ఇంజిన్ ఇది.

గిడుగు రామమూర్తి సవర భాష మీద ఆంగ్లంలో రాసిన గ్రంథం 1931లో అచ్చయింది. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాష మీద రాసిన పుస్తకం 1969లో వచ్చింది. ఆ పేజీలు కూర్చడానికి అచ్చాఫీసులో ఎంత శ్రమ పడి ఉంటారో ఊహించవచ్చు. ఇవాళ అలాంటి పేజీని చింతపల్లిలో ఒక విద్యార్థి సొంత ల్యాప్‌టాప్‌లో కూర్చుకోగలడు. కొండ భాషలో ర, ఱ రెండూ వేరు ధ్వనులు. ఱ యూనికోడ్‌లో మొదటినుంచీ ఉంది. ౘ, ౙ 2008లో, ౚ 2015లో చేరాయి. ఇవి అన్ని ఫాంట్లలో ఉండవు, కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఈ అక్షరాలన్నీ ఒక్క పేజీలో టైపు చేసి ఫాంటును పరీక్షించండి. ఉచ్చారణ చిహ్నాలకు డూలోస్ లాంటి మరో ఫాంటును జత చేయాలి. పై వరుసలో కొండ మాట, కింది వరుసలో తెలుగు అర్థం పేర్చడానికి జీబీ4ఈ ప్యాకేజీ ఉంది. అది వేయగానే ‘టెక్ సామర్థ్యం దాటింది’ అన్న ఎర్రర్ వస్తే, దాని వెంటనే నోఆటోమాత్ అనే ఆదేశం ఇవ్వండి.

పై వైపు నడిచే వెర్షన్

డోనాల్డ్ నూత్ 1977లో తన పుస్తకం కొత్త ముద్రణ ప్రూఫులు చూసి, అచ్చు అందం తగ్గిందని బాధపడి టెక్ మొదలుపెట్టారు. దాని వెర్షన్ సంఖ్య ఒక్కో సవరణకు గణితంలోని పై విలువకు దగ్గరవుతుంది. 2021లో 3.141592653 దగ్గరికి వచ్చింది. తన తర్వాత ఎవరూ దాన్ని మార్చకూడదని ఆయన కోరిక.

మన డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని ఫాంట్లతో ఏళ్ల తరబడి కూర్చిన తెలుగు పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే వాటిలో ఒక్క తెలుగు అక్షరం కనిపించదు. యూనికోడ్‌లో రాసిన టెక్స్ట్ ఫైలుకు ఆ ప్రమాదం లేదు. యాడ్-ఆన్ పోయినా, ఎడిటర్ మారినా, రాసినదంతా మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు. ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కువి మాటలో కొండ మాటలో రాసుకుంటున్నవాళ్లు ఉంటే, వాటిని ఇవాళే ఇలాంటి ఫైలులోకి ఎక్కించండి. పేజీ అందం రేపు దిద్దుకోవచ్చు, మాట పోతే మాత్రం ఏ ఇంజినూ తిరిగి తేలేదు.