పురి ఎక్కిన నూలు: క్రేప్ బ్యాండేజీ కథ

పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడిందంటే చాలు, తెలంగాణలోని కొత్తకోట లాంటి ఊళ్ళలో తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. రాష్ట్రంలో 2022 కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్ళకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. ఏళ్ళ తరబడి పుస్తకాల ముందు కూర్చున్న కాళ్ళను కొద్ది వారాల్లో ఆ లెక్కకు లొంగదీయబోతే పాదం ఊరుకోదు. "అన్నా, కాలు వాసింది, పట్టీ ఉన్నదా?" అని మందుల షాపులో అడిగితే చేతికొచ్చేది గోధుమరంగు గుడ్డచుట్ట ఒకటి. అదే క్రేప్ బ్యాండేజీ.

కొత్తకోట గద్వాల చీరలు నేసే మగ్గాలున్న ఊరు. ఈ పట్టీ కిటుకు మందుల షాపులో కన్నా మగ్గం దగ్గరే తొందరగా అర్థమవుతుంది. మంచి రకం పట్టీని విప్పి చూడండి, రబ్బరు పోగు ఒక్కటి కనబడదు. అంతా నూలే. మరి ఎలా సాగుతోంది? కీలకం దారానికి పెట్టిన పురిలో ఉంది. మామూలు నేత నూలుకు ఉండేదానికన్నా చాలా ఎక్కువ పురి పెడితే దారం నిలకడగా ఉండదు. బిగువు వదిలితే చేంతాడులా తనమీద తనే మెలిపడుతుంది. అలాంటి దారాలను పడుగులో పెడతారు. అన్నింటికీ పురి ఒకే దిక్కున ఉంటే గుడ్డ ఒక పక్కకు చుట్టుకుపోతుంది కాబట్టి కుడి పురి పోగుల పక్కన ఎడమ పురి పోగులు వేస్తారు. బిగువుగా నేసి, తర్వాత తడిపితే ప్రతి పడుగు పోగూ ముడుచుకుంటుంది, గుడ్డ పొడవు తగ్గిపోతుంది. లాగితే సాగేదీ, వదిలితే వెనక్కి వచ్చేదీ ఆ ముడతే. నాలుగైదు సార్లు కట్టాక సాగిపోయిన పట్టీని సబ్బునీళ్ళలో ఉతికి నీడన ఆరబెడితే చాలావరకు మళ్ళీ బిగువెక్కేదీ అందుకే. అన్నట్టు, డబ్బామీద రాసే 4 మీటర్లు గుడ్డను సాగదీసి కొలిచిన పొడవు. ఇంటికి పోయి కొలిచి షాపువాడు మోసం చేశాడని తిట్టుకోనక్కరలేదు.

కట్టు కట్టడం మాత్రం చాలా పాత విద్య. సుశ్రుతుడు 14 రకాల కట్లు చెప్పాడు. వాటిలో స్వస్తిక బంధం కీళ్ళకు, అరికాళ్ళకు, అరచేతులకు. ఈరోజు చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పే కట్టు దానికి దగ్గరి చుట్టమే. మన పల్లెల్లో బెణికిన కాలికి చింతాకు ఉడకబెట్టి కట్టారు, పసుపూ సున్నమూ పట్టు వేశారు. పైన చుట్టింది మాత్రం పాత చీర పేలికే. పేలికతో చిక్కేమిటంటే వాపుతో పాటు అది మారదు. వాపు పెరిగితే కోసుకుపోతుంది, తగ్గితే జారిపోతుంది.

సాగే కట్టు కోసం మొదట రబ్బరును పట్టుకున్నారు. జర్మనీలోని కీల్ నగరపు శస్త్రవైద్యుడు ఎస్మార్ఖ్ 1873లో, ఆపరేషనుకు ముందు కాలిలోని రక్తాన్ని పైకి పిండేయడానికి రబ్బరు పట్టీ వాడే పద్ధతి చెప్పాడు. కొన్నేళ్ళకే అమెరికాలో మార్టిన్ అనే డాక్టరు కాలి పుండ్లకు రబ్బరు పట్టీ చుట్టాడు. పట్టు బాగానే ఉంది కానీ గాలాడదు. చెమటకు చర్మం నానిపోతుంది. నూలు క్రేప్ తీర్చింది ఈ కొరతనే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి వచ్చే పట్టీల సరుకు ఆగిపోవడంతో అమెరికాలో బెక్టన్ డికిన్సన్ కంపెనీ సొంతంగా తయారుచేసి 'ఏస్' అని పేరు పెట్టింది. పూర్తిగా నూలుతో చేసిన సాగే పట్టీ అన్న ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలవి. ఆ దేశంలో ఈ కట్టును నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇంతకీ కట్టు చేసే పనేమిటి? పరుగు తర్వాత కాలిలో రక్తప్రవాహం పెరిగి సన్నని నాళాల నుంచి నీరు కణజాలంలోకి ఊరుతుంది. కండరమో స్నాయువో దెబ్బతింటే ఆ ఊట ఇంకా ఎక్కువ. పాదం అన్నిటికన్నా కింద ఉంది కనుక నీరు అక్కడే నిలుస్తుంది. పట్టీ బయటినుంచి ఒత్తి ఆ ఊటకు అడ్డుపడుతుంది. ఒకే బిగువుతో చుట్టినా సన్నని చోట ఒత్తిడి ఎక్కువ, లావు చోట తక్కువ. లాప్లాస్ పేరుతో ఉన్న సూత్రమిది. అందుకే చీలమండ దగ్గర గట్టిగా, పిక్క దగ్గర వదులుగా పనిచేసి కట్టు నీటిని పైకి పంపుతుంది. రెండు పొరలు చుడితే ఒత్తిడి దాదాపు రెట్టింపు. మనవాళ్ళు బలం కొద్దీ లాగి, పొరమీద పొర వేసి వేళ్ళు నీలంగా మార్చుకునేది ఈ లెక్క తెలియకే.

విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు సూత్రాలను 1978లో అమెరికా డాక్టరు మిర్కిన్ ప్రచారంలో పెట్టాడు. 2014లో ఆయనే, గాయం మానడాన్ని ఐసు ఆలస్యం చేయవచ్చని వెనక్కి తగ్గాడు. కట్టుకూ గట్టి రుజువులు ఎక్కువ లేవు. నా లెక్కలో అది వాపును అదుపులో పెట్టి, కాలికి కాస్త ఆసరా ఇచ్చే గుడ్డ, మందు కాదు. కట్టు కట్టుకుని మర్నాడే మళ్ళీ పరుగెత్తడానికి అది అనుమతీ కాదు.

ఎందుకంటే 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ గమనించిన జబ్బు ఒకటుంది. దూరాలు కవాతు చేసిన సైనికుల పాదాలు పైన వాచి నొప్పి పెట్టేవి. ఎక్స్‌రే వచ్చాక 1897లో తెలిసింది, అది వేళ్ళ వెనక ఉండే పొడుగెముకల్లో సన్నని పగులని. పగులు పడ్డ రెండు మూడు వారాల దాకా ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. సెలక్షన్ కోసం పరుగులు తీసే మన పిల్లల కాళ్ళు ఆ సైనికుల కాళ్ళ లాంటివే.

కట్టు వేళ్ళ మొదళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టండి, వేళ్ళ చివరలు బయటికి కనబడనివ్వండి. తిమ్మిరి ఎక్కినా, వేళ్ళు చల్లబడినా వెంటనే విప్పేయండి. పడుకునేముందు తీసేయండి. షుగరు ఉన్నవాళ్ళు, కాళ్ళలో రక్తప్రసారం సరిగా లేనివాళ్ళు డాక్టరును అడక్కుండా కట్టకండి. నాలుగడుగులు వేయలేకపోయినా, ఎముకమీద వేలితో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చినా ఎక్స్‌రే తీయించాలి. పరుగుతో పనిలేకుండా ఒక్క పిక్కే వాచి నొప్పి పెడితే ఆరోజే ఆసుపత్రికి వెళ్ళండి. నెలల తరబడి తగ్గని పాదం వాపైతే మన జిల్లాల్లో బోదకాలు పరీక్ష కూడా చేయించుకోవాలి.