కారు నడకను చక్కబెట్టుకొనుట

గృహిణి తన యింటిలోని ప్రతి వస్తువు మంచిచెడ్డలను ఎరిగియుండవలెనని పెద్దలు చెప్పుదురు. తిరుగలిరాయి అరిగినచో పిండి ముతకపడునని మనము ఎరుగుదుము. తలుపు బందు వదులైనచో గడియ పడదని ఎరుగుదుము. కాని దినదినము మన బిడ్డలను బడికిని, పెద్దలను వైద్యుని యొద్దకును గొనిపోవు కారు విషయమున మాత్రము అది మగవారి వ్యవహారమని ఊరకుందుము. మొన్నటి వానకాలము వరకు మేమును అట్లే యుంటిమి.

మేము అమీరుపేటలో కాపురముండువారము. పంజాగుట్ట మాకు మెట్రోరైలులో ఒక్క స్టేషను దూరము. ఆ దారిని రైలు 2018 సెప్టెంబరు 24వ తేదీన నడువనారంభించినది. అయినను నడుమునొప్పితో బాధపడు మా అత్తగారిని స్టేషను వరకు నడిపింపలేక చికిత్సకు కారులోనే తీసికొనిపోవుచుంటిమి. దారిపొడుగున గుంటలును గట్లును. వాన గట్టిగా కురిసినచో మైత్రీవనము కడ నీరు నిలుచుట నగరవాసులందరు ఎరిగినదే. ఆ నీటి క్రింద గుంట యెంత లోతున్నదో దిగువరకు తెలియదు. ప్రతి కుదుపునకును అత్తగారు “అమ్మా” యని మూల్గుచుండగా మేము బాటనే నిందించుచుంటిమి.

ఒకనాటి సాయంకాలము తడిసిన బాటపై ముందున్న స్కూటరు హఠాత్తుగా ఆగినది. మా వారు బ్రేకు నొక్కిరి. కారు ముక్కు నేలకు వంగి, ఎడమ ప్రక్కకు ఈడ్చుకొని పోయి, బాట యంచున పూలమ్ముకొనుచున్న యొకామె బుట్టకు జానెడు దూరమున నిలిచినది. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఒక దుకాణమునకు పోయితిమి. అక్కడివారు కారును పైనుండియే చూచి, కారును నేలకు దించు పొట్టి స్ప్రింగులును, వెడల్పయిన టైర్లును వేయించినచో పందెపు కారువలె బాటను పట్టుకొని నడచునని చెప్పిరి. మా వారికి ఆ మాట రుచించినది. వారడిగిన సొమ్ము మా అమ్మాయి కళాశాల రుసుమునకై కూడబెట్టినదానికి ఇంచుమించు సమానము. మేము ఒక్క దినము గడువు కోరి, తెలిసినవారు చెప్పిన వేరొక వృద్ధ మేస్త్రి కడకు కారును తీసికొనిపోయితిమి.

ఆయన వెంటనే ధర చెప్పలేదు. నేలపై కూర్చుండి ముందు టైర్లను చేతితో తడవి చూచి, “అమ్మా, ఇటు చూడండి. రోగమేమో టైరే చెప్పుచున్నది” అనెను. ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయియుండెను. వెలుపలి అంచు క్రొత్తదానివలె నుండెను. ఆనాడు ఆయన వలన నేర్చుకొన్నదియు, పిదప చదివి తెలిసికొన్నదియు సోదరీమణులకు చెప్పుచున్నాము.

కారు బరువును మోయునది స్ప్రింగు. గుంటలో పడినపుడు అది అణగి మరల లేచును. కాని స్ప్రింగు ఒంటరిగా నున్నచో ఊపి విడిచిన ఉయ్యాలవలె కారు ఊగుచునే యుండును. ఆ యూపును ఆపు చేయి షాక్ అబ్జార్బరు. దాని లోపలి నూనె సన్నని రంధ్రముల గుండ ప్రయాసతో పోవుటచేత ఊపులోని శక్తి వేడిగా మారి అణగిపోవును. చిన్న కార్లలో పెక్కింటికి ముందు భాగమున ఈ రెండును ఒకే స్తంభముగా కూర్పబడియుండును. దీనిని కల్పించిన అమెరికా ఇంజనీరు పేరిట మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అందురు. 1950లో ఇంగ్లండున వెలువడిన ఫోర్డు కాన్సల్ కారులో ఈ యేర్పాటు ఉండెను. కీళ్లవంటి చోట్ల ఉండు రబ్బరు బుష్షులును, బాల్‌జాయింట్లును కూడ కాలక్రమమున అరిగి వదులగును. షాక్ అబ్జార్బరు బలహీనపడినచో చక్రము నేలను గట్టిగా అంటుకొనియుండదు. అందుచేత బ్రేకు నొక్కినను కారు ఆలస్యముగా ఆగును.

ఇక ఎలైన్‌మెంటు అనగా చక్రములు నిలువవలసిన తీరు. ఇందు మూడు కోణములు కలవు. పైనుండి చూచినపుడు రెండు చక్రముల ముందు అంచులు లోనికో వెలికో తిరిగియుండుట టో. మనము పాదములను లోనికి తిప్పి నడచుట వంటిది. ఎదుటనుండి చూచినపుడు చక్రము పైభాగము లోనికో వెలికో ఒరగియుండుట కేంబరు. ప్రక్కనుండి చూచినపుడు స్టీరింగు తిరుగు ఇరుసు వెనుకకు వాలియుండుట కాస్టరు. సైకిలు ముందు ఫోర్కు వాలు వంటిది. మలుపు తిరిగిన పిదప స్టీరింగు తనంతట తిన్నబడుటకు ఈ వాలే ముఖ్య కారణము. చిన్న కార్లలో పెక్కింటికి టో మాత్రమే సులభముగా సవరింపనగును. తక్కిన రెండును తప్పినచో ఏదో భాగము వంగెననియో అరిగెననియో గ్రహింపవలెను.

మా కారులో ఎడమ స్ట్రట్ నూనె కారిపోయి యుండెను. క్రింది బుష్షు చీలియుండెను. అట్టి స్థితిలో ఎలైన్‌మెంటు మాత్రము చేయించుట, బందు వదులుగానున్న తలుపునకు గడియ సరిచేయుట వంటిది. పొట్టి స్ప్రింగుల మాట అడుగగా మేస్త్రి నవ్వి, అవి నున్నని బాటకు గాని మన వీధులకు గావనెను. స్పీడుబ్రేకరు 10 సెంటీమీటర్ల యెత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణము చెప్పెను. మన వీధులలో ఇరుకుగను నిటారుగను ఉన్నవే మెండు. వానిపై నేలకు దించిన కారు కడుపు రాచుకొనును. బిగువైన స్ప్రింగు మీద కుదుపు ఎక్కువై అత్తగారి నడుము మరింత నొచ్చును. పైగా 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్పష్టపరచినది.

కావున మేము చేయించినది ఇంతే. ముందు ప్రక్క స్ట్రట్లు రెండును ఒక్కసారే మార్పించితిమి. ఒక్కటే మార్చినచో రెండు ప్రక్కల నడక సమముగా నుండదు. అదే కొలతలో వాయువు నింపిన మేలురకమును ఎంచుకొంటిమి. బుష్షులును, ముందు టైర్లును క్రొత్తవి వేయించితిమి. అన్నిటికంటె చివర ఎలైన్‌మెంటు చేయించి, కొలతలు అచ్చయిన చీటిని అడిగి పుచ్చుకొంటిమి. మొదటి దుకాణమువారు చెప్పిన దానిలో సగము కూడ కాలేదు.

సోదరీమణులు ఇంటివద్దనే చూడదగినవి కొన్ని కలవు. టైరు రెండంచులును అరిగినచో గాలి తక్కువ. నడుమ అరిగినచో గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగినచో ఎలైన్‌మెంటు తప్పు. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు కడ చీటిపై సాధారణముగా వ్రాసియుండును. టైరు చల్లగానున్నపుడు కొలువవలెను. టైరు గాళ్లలోని చిన్న దిమ్మెలు పైకి తేలినచో 1.6 మిల్లీమీటర్ల లోతే మిగిలినదని తెలిసికొని మార్పింపవలెను. కారు మూలను గట్టిగా క్రిందికి నొక్కి విడువుడు. ఒకసారి లేచి కుదురుకొనవలెను. ఊగుచునే యున్నచో మేస్త్రికి చూపవలెను. వేగమున స్టీరింగు వణకుట తరచుగా చక్రముల బ్యాలెన్సింగు లోపము. అది ఎలైన్‌మెంటు కాదు. పెద్ద గుంటలో పడినపుడును, క్రింది భాగములు మార్చినపుడును ఎలైన్‌మెంటు మరల చూపించుట మంచిది.

ఇపుడును పంజాగుట్టకు పోవుచున్నాము. గుంటలు ఎక్కడివక్కడనే యున్నవి. కాని మొన్న తడిబాటపై బ్రేకు నొక్కినపుడు కారు తిన్నగా నిలిచినది. వెనుక కూర్చున్న అత్తగారు కునికిపాటునుండి లేచి, “వచ్చినామా యేమి?” అని యడిగిరి. పూలామె అదే చోట కూర్చుండుచున్నది. ఆమె కడ మూర పూలు కొనక మేము ఇల్లు చేరుట లేదు.