చైనా ప్రాజెక్టుకి 'సరే' అనేముందు

అమెరికాలో పని చేసే మనవాళ్ళకి చైనా ప్రయాణం ఎక్కువగా ప్రాజెక్టు రూపంలోనే తగుల్తుంది. షాంఘైలోనో షెన్‌జెన్‌లోనో కంపెనీకి ఒక టీము ఉంటుంది. "ఒక మూడు నెలలు వెళ్ళిరా" అంటాడు మేనేజరు. వీసా, టికెట్టు, హోటలు కంపెనీయే చూసుకుంటుంది. మనం చూసుకోవాల్సినవి మాత్రం కొన్ని మిగిలిపోతాయి. వాటి గురించే ఈ వ్యాసం.

పాస్‌పోర్టే ప్రైమరీ కీ

మన భాషలో చెప్పాలంటే, చైనాలో విదేశీయుడి రికార్డుకి పాస్‌పోర్టు నెంబరే ప్రైమరీ కీ. సిమ్ కార్డు కొనాలంటే పాస్‌పోర్టు చూపించాలి. 12306 అనే రైల్వే సైటులో టికెట్టు కొన్నా పాస్‌పోర్టు నెంబరు మీదే. కాగితం టికెట్టు అక్కర్లేదు, స్టేషన్లో పాస్‌పోర్టు చూపిస్తే చాలు. హోటల్లో దిగితే మీ వివరాలు పోలీసులకు హోటలు వాళ్ళే పంపుతారు. స్నేహితుడి ఇంట్లో దిగితే మాత్రం 24 గంటల్లోగా మీరే దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో నమోదు చేయించుకోవాలి.

చిక్కంతా పేరుతో వస్తుంది. ఇంటిపేరు ముందు పెట్టుకోవడంలో చైనావాళ్ళు అచ్చం మనలాంటి వాళ్ళే. కానీ వాళ్ళ పేరు సాధారణంగా రెండు మూడు అక్షరాల్లో అయిపోతుంది. మన పేర్లు అలా కాదు కదా! నేను సిమ్ కొన్న షాపులో ఇంటిపేరు, అసలు పేరు కలిపి ఖాళీ లేకుండా ఒకటే మాటగా ఎక్కించారు. చెల్లింపుల యాప్ దగ్గర పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇస్తే, రెండూ కలవడం లేదని తిప్పి కొట్టింది. మళ్ళీ ఆ షాపుకే వెళ్ళి సరిచేయించుకునేసరికి ఒక పూట గడిచిపోయింది. కాబట్టి ప్రతి చోటా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరుసలో ఎక్కిందో లేదో అక్కడికక్కడే చూసుకోండి. ఇంకో మాట. మన పాస్‌పోర్టు రెన్యూ చేయిస్తే నెంబరు మారిపోతుంది. ప్రైమరీ కీ మారితే ఏమౌతుందో మీకు చెప్పక్కర్లేదు. గడువు దగ్గర పడితే బయల్దేరే ముందే రెన్యూ చేయించుకోవడం మంచిది.

డబ్బు, దారి, జీమెయిల్

కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే. 2023 నుంచి అలీపే, వీచాట్ రెండూ విదేశీ కార్డుల్ని బాగానే తీసుకుంటున్నాయి. 2024లో ఒక్కో చెల్లింపు పరిమితిని వెయ్యి డాలర్ల నుంచి ఐదు వేలకి పెంచారు. 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. మీ బ్యాంకు ఓటీపీ అమెరికా నెంబరుకే వస్తుంది కాబట్టి కార్డు జోడించే పని ఇంటి దగ్గరే ముగించండి.

గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుంటే దారి తప్పుతారు. చైనా పటాలు మనం వాడే డబ్ల్యూజీఎస్-84కి బదులు జీసీజే-02 అనే పద్ధతిలో ఉంటాయి. అందులో అక్షాంశ రేఖాంశాలను కావాలనే జరుపుతారు. ఆ తేడా కొన్ని వందల మీటర్ల దాకా ఉంటుంది. మీరు రోడ్డు మీద నిలబడితే చుక్క చెరువులో కనిపించొచ్చు! ఏమ్యాప్ లాంటి అక్కడి యాప్‌కి ఆ గొడవ లేదు.

ఫేస్‌బుక్ 2009 నుంచి, జీమెయిల్ 2014 చివరి నుంచి, వాట్సాప్ 2017 నుంచి అక్కడ బంద్. అయితే అమెరికా సిమ్‌తో రోమింగులో ఉంటే మీ డేటా ముందు అమెరికా నెట్‌వర్కుకి చేరి, అక్కణ్ణుంచి బయటికి వెళ్తుంది. అందుకే సాధారణంగా ఇవన్నీ పని చేస్తాయి. అదే ఫోను హోటల్ వైఫై ఎక్కితే ఆగిపోతాయి. అనుమతి లేని వీపీఎన్‌లు అక్కడి చట్టానికి విరుద్ధం. ఆఫీసు పనికి కంపెనీ ఇచ్చిన లైనే వాడండి.

వూహాన్ నేర్పిన పాఠం

తిరుపతి ప్లాంటు కోసం టీసీఎల్ సంస్థ తీసుకున్న ఆంధ్రా కుర్ర ఇంజనీర్లు 2019లో శిక్షణకని వూహాన్ వెళ్ళారు. 2020 జనవరి 23న ఊరు మూతపడింది. నెల తిరిగేసరికి ఎయిర్ ఇండియా విమానాలు రెండు ట్రిప్పుల్లో 647 మంది భారతీయుల్ని ఢిల్లీ చేర్చాయి. జ్వరం ఉన్నవాళ్ళని మాత్రం ఎక్కనివ్వలేదు. మిగిలినవాళ్ళలో 76 మందిని ఫిబ్రవరి 27న వాయుసేన సి-17 తీసుకొచ్చింది. అలాంటప్పుడు ఎవరెక్కడున్నారో బీజింగులోని మన ఎంబసీకి తెలియడమే ముఖ్యం. వెళ్ళగానే అక్కడ పేరు నమోదు చేసుకోండి. పాస్‌పోర్టు, వీసా, చిరునామా కాగితం మీద కూడా ఉంచుకోండి. ఫోను పోతే చైనాలో చేతులు కట్టేసినట్టే.

తిరుగు ప్రయాణం

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇది. మీ అబ్బాయి అమెరికన్ పాస్‌పోర్టుతో, మూడో దేశానికి వెళ్ళే దారిలో, చైనాలో వీసా లేకుండా 240 గంటలు ఆగొచ్చు. భారతీయ పాస్‌పోర్టుకి ఆ వెసులుబాటు లేదు. మీకు వీసా కావాల్సిందే.

ఇక మీ హెచ్-1బి స్టాంపు. ఐ-797లో గడువు ఇంకా ఉండి పాస్‌పోర్టులో స్టాంపు అయిపోయినవాళ్ళు మనలో ఎందరో! కెనడాకో మెక్సికోకో వెళ్ళి 30 రోజుల్లోపు వస్తే, ఐ-94 చెల్లుతుంటే, పాత స్టాంపుతోనే లోపలికి రానిస్తారు. చైనాకి ఈ సూత్రం వర్తించదు. పైగా వీసా ఇంటర్వ్యూ సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో చేసుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ 2025 సెప్టెంబరులో చెప్పింది. అంటే మూడు నెలల పనికని షాంఘై వెళ్ళినవాళ్ళు అక్కణ్ణుంచి హైదరాబాదు వెళ్ళి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంటు కోసం ఎదురు చూడాలి. ఈలోపు ఇంటి లోను, పిల్లల బడి, భార్య ఉద్యోగం అన్నీ అమెరికాలోనే ఉంటాయి.

మేనేజరు అడిగినప్పుడు మొహమాటపడకండి. పాస్‌పోర్టు తెరిచి స్టాంపు తేదీ చూసుకుని, కంపెనీ లాయరుతో మాట్లాడాకే జవాబు చెప్పండి.