మునిగిన ఊరు - మారిన ఫోటో

మానువాడ వద్ద మిడ్ మానేరు కట్టినంక సిరిసిల్ల ప్రాంతపు కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి ఊళ్లు ముంపుకు పోయాయి. ఖాళీ అయిన ఇటువంటి ఊళ్ల ఫోటోలను కంప్యూటర్‌లో కలలాంటి చిత్రాలుగా మార్చవచ్చు. ఈ అధివాస్తవిక ధోరణికి 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెటన్ ప్రణాళిక రాశాడు.

పద్ధతి కష్టమేం కాదు. పాడుబడ్డ ఇంటి ఫోటో అడుగుపొర. చేపల చెరువు ఫోటో పైపొర. కిటికీ మేర ఉంచి, తక్కిన పైపొరను 'మాస్క్'తో కప్పితే కిటికీలో చేపలు ఈదుతాయి. రెండు ఫోటోల్లో వెలుగు ఒకే దిక్కు నుంచి రావాలె, లేకుంటే అతుకు తెలిసిపోతుంది.

మిత్రులారా! కోరుట్ల రైతుబిడ్డగా ఒక్క మాట. మార్చేది నకలునే, అసలు ఫోటోను ఊరిపేరు, తేదీ వేసి భద్రపరచండి. రేపు పరిహారం అడిగే రైతు చేతిలో ఉండాల్సింది అదే.