యుద్ధ క్రీడలో బెంగళూరు విమాన కర్మాగారం

రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన వ్యూహాత్మక కంప్యూటర్ ఆటల్లో ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4’కు పెద్ద పేరుంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కు చెందిన పారడాక్స్ సంస్థ దీన్ని తయారుచేసి, నార్మండీ దండయాత్ర జరిగిన జూన్ 6వ తేదీనే ఎంచుకుని 2016లో విడుదల చేసింది. ఇందులో ఆడేవాళ్ల చేతికి ఏకంగా ఒక దేశమే వస్తుంది. 1936 జనవరి 1 నుంచి గానీ, 1939 ఆగస్టు 14 నుంచి గానీ మొదలుపెట్టవచ్చు. ఫ్యాక్టరీలు కట్టాలి, ఉక్కు, అల్యూమినియం, రబ్బరు సమకూర్చుకోవాలి, పరిశోధనలు చేయించాలి, సైన్యాలను నడపాలి. బ్రిటిష్ ఇండియాను ఎంచుకుని ఆడే వీలూ ఉంది.

ఈ ఆటలో యుద్ధభూమికి ఎంత ప్రాధాన్యం ఉందో ఆయుధాలు తయారుచేసే సంస్థలకూ అంతే ఉంది. మొదట్లో ఒక సంస్థను ఎంచుకుంటే దానికి రాసిపెట్టిన లాభాలు వచ్చి చేరేవి, అక్కడితో సరి. 2023 అక్టోబరులో వచ్చిన ‘ఆర్మ్స్ అగైన్‌స్ట్ టిరనీ’ విస్తరణతో పద్ధతి మారింది. ఇప్పుడు సంస్థకు పరిశోధన అప్పగించినా, దాని పేరు మీద విమానాలో తుపాకులో తయారైనా దానికి నిధులు జమవుతాయి. అవి నిండినప్పుడల్లా సంస్థ ఒక మెట్టు ఎక్కుతుంది. మెట్టు మెట్టుకూ ఒక కొత్త లక్షణాన్ని ఎంచుకోవచ్చు. కొన్నిచోట్ల ఒక దారి పట్టుకుంటే రెండో దారి మూసుకుపోతుంది.

ఆట ఫైళ్లలో చాలావరకు మామూలు టెక్స్ట్ రూపంలోనే ఉంటాయి కాబట్టి అభిమానులే వాటికి చేర్పులు చేసుకుంటారు. వీటినే మోడ్‌లంటారు. కొత్త సంస్థను చేర్చడం మోడ్‌లలో చిన్న పనే. అది ఏ దేశానిది, ఏ రకం ఆయుధాలు చేస్తుంది, ఏ పరిశోధనకు తోడ్పడుతుంది, ఏయే లక్షణాలు ఏ వరుసలో ఉంటాయి, ఎప్పటి నుంచి అందుబాటులోకి వస్తుంది అన్నవి ఒక ఫైలులో రాయాలి. తెర మీద కనిపించే పేరు మరో ఫైలులో, గుర్తు బొమ్మ ఇంకోచోట ఉంటాయి. ఒక్క ఫ్లవర్ బ్రాకెట్ మూయడం మరిచినా కింద రాసినదంతా గాడి తప్పుతుంది. పేర్ల ఫైలును సరైన యూటీఎఫ్-8 రూపంలో భద్రపరచకపోతే సంస్థ పేరుకు బదులు లోపలి సంకేతపదమే తెర మీద దర్శనమిస్తుంది. ఇవి ఓపికతో సర్దుకునే చిక్కులు. ఏ సంస్థకు ఏ లక్షణం ఇవ్వాలన్నది మాత్రం చరిత్ర చదివితే గానీ తేలదు. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ దీనికి మంచి ఉదాహరణ.

వాల్‌చంద్ పట్టుదల

ఓడలు, విమానాలు, కార్లు మూడూ ఈ దేశంలోనే తయారు కావాలని పట్టుబట్టిన పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్. 1939లో విమాన ప్రయాణంలో ఆయనకు విలియం పాలీ అనే అమెరికన్ పరిచయమయ్యారు. చైనాలో విమానాల ఫ్యాక్టరీ నడుపుతున్న మనిషి ఆయన. ఇక్కడ కూడా అలాంటిది పెట్టవచ్చన్న ఆలోచన ఆ పరిచయంలోనే పుట్టింది. మైసూరు సంస్థానం, అప్పటి దివాను మీర్జా ఇస్మాయిల్ చొరవతో, బెంగళూరు పక్కన 700 ఎకరాల భూమి ఇచ్చి 25 లక్షల రూపాయల పెట్టుబడి పెట్టింది. 1940 డిసెంబరు 23న కంపెనీ నమోదైంది. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం కూడా 25 లక్షలతో భాగస్వామిగా చేరింది.

పని చకచకా సాగింది. 1941 ఆగస్టులో హార్లో శిక్షణ విమానం, 1942 జూలైలో కర్టిస్ హాక్ యుద్ధ విమానం బెంగళూరు నుంచి గాల్లోకి లేచాయి. రెండూ అమెరికన్ డిజైన్లే. విడిభాగాలు అక్కడి నుంచి వస్తే ఇక్కడ బిగించారు. పదిమంది సైనికులను మోసే గ్లైడర్ మాత్రం కర్మాగారం సొంతంగా రూపొందించుకున్నది. అదీ ఒక్కటే తయారైంది.

అంతలో యుద్ధం తీరానికే వచ్చేసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే నెలలో ప్రభుత్వం వాల్‌చంద్ వాటాను కొనేసింది. మైసూరు తన వాటాను అమ్మలేదు గానీ యుద్ధం ముగిసేదాకా యాజమాన్యపు పగ్గాలను వదులుకుంది. కొత్త విమానాల తయారీని పక్కనబెట్టి, దెబ్బతిన్న విమానాల మరమ్మతుకే కర్మాగారాన్ని మళ్లించారు. 1943లో అది అమెరికా సైనిక వైమానిక దళం చేతికి వెళ్లింది. నీటి మీద దిగే కాటలీనా విమానాలు బెళ్లందూరు చెరువులో దిగేవి, అక్కడి నుంచి వాటిని షెడ్డుకు చేర్చేవారు. ఇంజన్లు విప్పి, కడిగి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించి పరీక్షించే ఆ పనిలోనే వేలమంది భారతీయ కార్మికులు విమాన విద్య నేర్చుకున్నారు. యుద్ధకాలంలో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ చేసిన అసలైన సేవ ఇదే. దీన్ని తక్కువ చేసి చూడడం ఆ కార్మికులకు అన్యాయం.

ఆటలోకి తేవాలంటే

మోడ్‌లు చేసేవాళ్లలో దేశాభిమానం ఎక్కువైతే మొదట జరిగే పొరపాటు లక్షణాల ఎంపికలోనే. యుద్ధ విమానాల వేగం, దాడి శక్తి పెంచే గుణాలు బెంగళూరుకు కట్టబెడితే అది జర్మన్ యుద్ధ విమానాల సంస్థ మెస్సర్‌ష్మిట్‌కు నకలు అవుతుంది. ఈ సంస్థకు మొదట దక్కాల్సింది విశ్వసనీయత. ఆటలో ఆ అంకె పెరిగితే ప్రమాదాల్లో పోయే విమానాలు తగ్గుతాయి. పాతవాటిని బాగుచేసి మళ్లీ ఎగిరించిన కర్మాగారానికి అంతకంటే తగిన గుణం లేదు. రెండో మెట్టులో రవాణా విమానాలకు, సముద్ర గస్తీ విమానాలకు చిన్న లాభం ఇవ్వవచ్చు. సొంత డిజైన్లకు సంబంధించిన గుణం లక్షణాల చెట్టు చివరికొమ్మన ఉండాలి. వి.ఎం. ఘాటగే నాయకత్వంలో రూపొందిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం ఎగిరింది 1951లో మరి.

తేదీ రెండో చిక్కు. 1936లో ఆట మొదలుపెట్టేవాళ్లకు ఈ సంస్థ దాదాపు ఐదేళ్లు కనిపించకూడదు. అంతకాలం ఆగడం ఇష్టంలేని వాళ్ల కోసం మొదటి రోజు నుంచే తెరిచిపెడితే అది చరిత్ర కాదు. ఊహకు తలుపు వేయనక్కర్లేదు, ఖరీదు పెట్టాలి. మైసూరు భూమి, అమెరికా యంత్రాలు, లండన్ అనుమతి అనే మూడు మెట్లు దాటినవాళ్లకు ఒకటి రెండేళ్లు ముందుగా సంస్థ దొరికేలా రాయవచ్చు. ముడిసరుకు సంగతి కూడా ఇందులోనే వస్తుంది. ఆటలో విమానానికి అల్యూమినియం కావాలి. మన దేశంలో కేరళలోని అలూపురం స్మెల్టర్ 1943లో గానీ పని మొదలుపెట్టలేదు. అందాకా దిగుమతే గతి. ఈ కొరతను తీసేస్తే ఆ ఆట అబద్ధం చెబుతున్నట్టే.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇప్పుడు అందరికీ తెలిసిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1964లో ఏర్పడింది. యుద్ధకాలపు సంస్థ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ లిమిటెడ్. నేటి చిహ్నాన్ని తెచ్చి 1941 తెర మీద అతికించడం చాలా తేలిక, చాలా తప్పు. యాజమాన్యం చేతులు మారిన వైనాన్ని ఒక సంఘటనగా రాస్తే ఇంకా బాగుంటుంది. 1942లో జపాన్ బంగాళాఖాతంలోకి చొరబడితే ప్రభుత్వం సంస్థను తీసుకోవాలా వద్దా అని ఆటే ప్రశ్నించాలి. తీసుకుంటే మరమ్మతు గుణాలు పెరిగి, తయారీ గుణాలు ఆగిపోవాలి. వద్దంటే తయారీ సాగుతుంది, విడిభాగాలు మాత్రం అమెరికా దయ మీద ఆధారపడతాయి.

ఇవన్నీ రాశాక ఆటను ఎవరూ తాకకుండా 1945 దాకా దానంతట దాన్నే నడవనిచ్చి చూడాలి. కంప్యూటర్ ఆడే బ్రిటిష్ ఇండియా వేల కొద్దీ ఫైటర్లు కుప్పపోస్తే ఎక్కడో అంకె ఎక్కువైనట్టే లెక్క.

విశాఖ యార్డు సంగతి

వాల్‌చంద్ మరో కలకు ఊరు విశాఖపట్నం. కలకత్తాలో స్థలం కుదరక, ఆయన నడిపిన సింధియా నౌకాయాన కంపెనీ ఓడల యార్డును ఇక్కడికి తెచ్చింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. పది నెలలు తిరగకముందే ఊరి మీద బాంబులు పడ్డాయి, నిర్మాణం నిలిచిపోయింది. ఇక్కడి మొదటి ఓడ ‘జల ఉష’ 1948 మార్చి 14న, నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగింది. పునాదిరాయి తేదీని పట్టుకుని ఈ యార్డును 1941లోనే ఓడల తయారీ సంస్థగా ఆటలో పెట్టాలని తెలుగు ఆటగాళ్లకు అనిపించడం సహజం. యుద్ధకాలంలో అక్కడ ఒక్క ఓడైనా జలప్రవేశం చేయలేదు కాబట్టి ఆ చోటు ఇవ్వకూడదు. బాంబుదాడిని తప్పించగలిగిన ఆటగాడికి మాత్రం, సరుకు ఓడల వరకు, ఆ అవకాశం ఇవ్వవచ్చు.