ఇంజెక్షన్ వేయించినా కుక్క గోక్కోవడం ఆగట్లేదా? అసలు కారణం ఇలా దొరుకుతుంది!

ఇంజెక్షన్ వేయిస్తే రెండు రోజుల్లో గోకుడు ఆగిపోతుంది. మూడు, నాలుగు వారాలు తిరిగేసరికి మళ్లీ మొదలు. అర్ధరాత్రి మంచం కింద కాలు నేలకు తగులుతూ టకటకమని చప్పుడు.. పెట్ డాగ్ ఉన్న ఇళ్లలో ఆ సౌండ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మళ్లీ ఆటో, మళ్లీ ఇంజెక్షన్. వానాకాలం వచ్చిందంటే విజయవాడ నుంచి మచిలీపట్నం దాకా కుక్కల్ని పెంచేవాళ్లకు ఇదే గోల. చివరికి విసుగొచ్చి, "గజ్జి పట్టింది, పిల్లలకు అంటుకుంటుంది" అని కాలువ గట్టు మీద వదిలేసి వచ్చేవాళ్లూ ఉన్నారు.

అసలు విషయం ఏంటంటే.. దురద ఒక లక్షణం మాత్రమే. జ్వరం లాంటిదన్నమాట. మలేరియానా, టైఫాయిడా అని చూడకుండా నెలనెలా జ్వరం బిళ్ల వేసుకుంటూ పోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. మంచి విషయం ఏంటంటే కుక్కల్లో దురదకు ముఖ్యమైన కారణాలు నాలుగైదే. వాటిని ఒక వరుసలో వెతకాలి. ముందు పురుగులు, తర్వాత ఇన్ఫెక్షన్, ఆ తర్వాత తిండి, ఇవన్నీ కాదని తేలాకే గాలి, దుమ్ము అలర్జీ. చాలామంది చేసే తప్పు ఈ వరుసను తిరగేయడం. మొదటి రోజే "మా వాడికి చికెన్ అలర్జీ" అని డిసైడ్ అయిపోతారు.

మన దగ్గరే ఎందుకు ఎక్కువ?

ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఏలూరు, బందరు, రైవస్ కాలువలు బెజవాడ మధ్య నుంచే పోతాయి. ఊరు దాటితే వరి పొలాలు. గాల్లో తేమ ఎప్పుడూ ఉంటుంది. కుక్క ఒంటి మీద ఎగిరే ఫ్లీస్ అనే చిన్న గోధుమరంగు పురుగుల పిల్లలు తేమ 50 శాతం కంటే తగ్గితే ఎండిపోయి చచ్చిపోతాయి. చలి దేశాల్లో శీతాకాలం వాటికి బ్రేక్ వేస్తుంది. మన దగ్గర ఆ బ్రేక్ లేదు. ఇక 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా.. అలా తడిసి ఆరని కాళ్లు, బొచ్చు బ్యాక్టీరియాకు, ఈస్ట్‌కు మంచి అడ్డా.

ముందు ఈ టెస్ట్ ఇంట్లోనే చేయండి

ఒక తెల్ల పేపర్ న్యాప్‌కిన్ తడిపి పెట్టుకోండి. పేన్ల దువ్వెనతో కుక్క నడుము వెనక భాగం, తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి పొడిని దాని మీద వేయండి. కాసేపటికి ఆ నలుసుల చుట్టూ ఎర్రగా, ఇటుక రంగులో మరక వచ్చిందా? అయితే అది మట్టి కాదు.. రక్తం తాగిన ఫ్లీస్ మలం. పురుగు ఒక్కటీ కళ్లకు కనిపించకపోయినా కేసు దాదాపు తేలినట్టే. ఎందుకంటే అలర్జీ ఉన్న కుక్కకు ఒకటి, రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది.

చాలామంది మిస్ అయ్యే పాయింట్ ఒకటుంది. కుక్క మీద ఉండే పెద్ద పురుగులు మొత్తంలో 5 శాతం లోపే. మిగతా 95 శాతం గుడ్లు, పిల్లలు, గూళ్ల రూపంలో సోఫా కింద, పరుపులో, గుమ్మం దగ్గర పట్టాలో ఉంటాయి. అందుకే కుక్కకు స్నానం చేయించి "మందు పనిచేయలేదు" అంటే లాభం లేదు. పక్క బట్టలు వేడి నీళ్లలో ఉతకాలి, ఇల్లంతా వ్యాక్యూమ్ చేయాలి, ఇంట్లో ఉన్న అన్ని కుక్కలకూ, పిల్లులకూ కలిపే మందు వాడాలి. అదీ కొన్ని నెలల పాటు. కుక్క మందు పిల్లికి వేయకండి.. పెర్మెత్రిన్ ఉంటే పిల్లి ప్రాణానికే ప్రమాదం.

పిడుదుల సంగతీ ఇంతే. మనూళ్లలో ఎక్కువగా కనిపించే గోధుమరంగు పిడుదు ఇంట్లోనే కాపురం పెట్టగలదు. గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. దీనితో దురద కంటే పెద్ద సమస్య ఎర్లీషియా, బబీసియా అనే జ్వరాలు. పిడుదులు పట్టిన కుక్క తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా దురద విషయం పక్కన పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

చెవి అంచు రుద్ది చూడండి

గజ్జి, అంటే సార్కోప్టిక్ మేంజ్. ఇదే మనుషుల్ని ఎక్కువగా భయపెడుతుంది. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట దగ్గర బొచ్చు రాలి పొక్కులు కడతాయి. దురద అంటే మామూలు దురద కాదు, తింటూ తింటూ ఆగి మరీ గోక్కుంటుంది. చెవి అంచును వేళ్లతో మెల్లగా రుద్దితే వెనక కాలు దానంతటదే గోకినట్టు కదులుతుందేమో చూడండి. కదిలితే అనుమానం బలపడినట్టే. ఇంట్లోవాళ్ల చేతుల మీద, పొట్ట మీద కూడా ఎర్రటి దద్దుర్లు వచ్చాయంటే ఇంకా బలం. అయితే కంగారు పడొద్దు.. ఈ పురుగు మనిషి ఒంటి మీద తన జీవిత చక్రం పూర్తి చేయలేదు. కుక్కకు వైద్యం జరిగితే మనుషులకూ మామూలుగా తగ్గిపోతుంది. కుక్కను కాలువ గట్టున వదలాల్సిన జబ్బు కానే కాదిది.

ఇక్కడో చిక్కుంది. చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూసినా సగానికి పైగా కేసుల్లో ఈ పురుగు దొరకదు. రిపోర్ట్ నెగెటివ్ వచ్చినా అనుమానం ఉంటే డాక్టర్లు మందు వేసి చూస్తారు. అది తప్పు కాదు, పద్ధతే అది. దీని చుట్టం డెమోడెక్స్ అనే ఇంకో పురుగుంది. అది సాధారణంగా అంటుకోదు, మొదట్లో దురద కూడా పెద్దగా ఉండదు. కానీ స్టెరాయిడ్ పడితే రెచ్చిపోతుంది.

వాసన వస్తోందా?

చెవుల్లో, చంకల్లో, కాలి వేళ్ల మధ్య జిడ్డు, పుల్లటి వాసన, చర్మం నల్లగా మందం కావడం.. ఇవి మలాసీజియా అనే ఈస్ట్ లక్షణాలు. ఒక సెల్లో టేప్ ముక్క చర్మానికి అంటించి తీసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది. అయితే ఈస్ట్, బ్యాక్టీరియా ఎక్కువసార్లు వేరే జబ్బు మీద వచ్చి కూర్చుంటాయి. అవి తగ్గాక కూడా దురద మిగిలితేనే తర్వాతి మెట్టు ఎక్కాలి.

తిండి అలర్జీ.. అమ్మమ్మలకు పరీక్ష

తిండి అలర్జీని రక్త పరీక్షతో నమ్మకంగా తేల్చలేరు. ఉన్నది ఒకటే దారి. కుక్క జీవితంలో ఎప్పుడూ తినని మాంసం, దానికి తోడు ఒక పిండి పదార్థం, ఈ రెండే 8 వారాలు పెట్టాలి. లేదంటే డాక్టర్ రాసే హైడ్రోలైజ్డ్ ఫుడ్. తగ్గితే మళ్లీ పాత తిండి పెట్టి చూడాలి. దురద రెండు వారాల్లోపు తిరిగొస్తే తేలిపోయినట్టే. కుక్కల తిండి అలర్జీల మీద 2016లో వచ్చిన ఒక సమీక్ష 297 కుక్కల కేసులు చూసింది. బీఫ్ 34 శాతం, పాల పదార్థాలు 17, చికెన్ 15, గోధుమ 13 శాతం కుక్కలకు పడలేదు. అంటే మనం "తేలిగ్గా అరుగుతుంది" అని పెట్టే పెరుగన్నంలోని పెరుగూ లిస్టులో ఉన్నట్టే!

ఈ 8 వారాల్లో అసలు శత్రువు మాత్రం ఇంట్లోనే ఉంటారు. చాటుగా బిస్కెట్ పెట్టే అమ్మమ్మ, చేప ముల్లు విసిరే పక్కింటాయన. ఒక్క బిస్కెట్ పడినా లెక్క మళ్లీ మొదటికే.

ఇవన్నీ దాటాకే ఎటోపీ, అంటే దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి వల్ల వచ్చే అలర్జీ. సాధారణంగా మూడేళ్ల లోపు మొదలవుతుంది. ముందు కాళ్లు నాకడం, చెవి లోపలి భాగం ఎర్రబడటం దీని గుర్తులు. లాబ్రడార్, పగ్ లాంటి జాతుల్లో ఎక్కువ. ఇది పూర్తిగా పోదు, కంట్రోల్‌లో ఉంచుకోవాలి. ఒక్లాసిటినిబ్ లాంటి మందులు 2013 నుంచి వాడకంలోకి వచ్చాయి. ఏడాది లోపు పిల్లలకు అవి ఇవ్వరు.

సొంత వైద్యంతో జాగ్రత్త

కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం ఊళ్లలో ఇప్పటికీ ఉంది. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, ఆ విషం కడుపులోకి పోతుంది. పశువుల మందుల షాపులో ఐవర్‌మెక్టిన్ తెచ్చి అంచనాగా పొడిచేయడం ఇంకో అలవాటు. కోలీ లాంటి జాతుల్లో ఒక జన్యు లోపం వల్ల ఆ మందు మెదడుకు చేరి ప్రాణం తీయొచ్చు. మా డెస్క్‌లో కుక్కలున్న ముగ్గురూ ముందు చేసిన పని సెట్రిజిన్ వేయడం. కుక్కల్లో అది దురదకు పెద్దగా పనిచేయదు. పైగా జలుబు కాంబినేషన్ బిళ్లల్లో ఉండే స్యూడోఎఫెడ్రిన్, పారాసిటమాల్ వాటికి విషమే.

మరి స్టెరాయిడ్? అవసరమైన చోట అది మంచి మందే. కారణం వెతక్కుండా నెలనెలా వేయించడమే సమస్య. విపరీతంగా నీళ్లు తాగడం, ఇంట్లోనే మూత్రం పోయడం, పొట్ట ఉబ్బడం మొదలైతే డాక్టర్‌కు చెప్పాల్సిందే.

విజయవాడకు దగ్గర్లోనే, గన్నవరంలో 1998లో మొదలైన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అక్కడికి వెళ్లినా, మీ ఏరియా డాక్టర్ దగ్గరికి వెళ్లినా మూడు విషయాలు రాసి తీసుకెళ్లండి.. దురద ఏ వయసులో మొదలైంది, ఒంట్లో ఏ చోట ఎక్కువ, ఏడాదంతా ఉంటుందా లేక వానాకాలంలోనేనా. రాత్రి గోక్కుంటున్నప్పుడు ఫోన్‌లో ఒక వీడియో తీయండి, క్లినిక్‌లో కుక్క భయంతో గోక్కోదు. వెళ్లే ముందు రోజు స్నానం చేయించకండి, టెస్టుకు కావాల్సిందంతా కొట్టుకుపోతుంది. ఇంతకుముందు వేసిన ఇంజెక్షన్ల పేర్లు, తేదీలు ఉన్న చీటీలు కూడా దగ్గర ఉంచుకోండి. కొన్ని స్టెరాయిడ్ ఇంజెక్షన్ల ప్రభావం వారాల తరబడి ఉంటుంది. అది తెలియకపోతే తగ్గిన దురద ఇంజెక్షన్ వల్లా, మార్చిన తిండి వల్లా అన్నది డాక్టర్‌కు కూడా అంతుపట్టదు.