పది కిలోమీటర్లు... పదిమంది కోసం!

తెల్లవారుజాము నాలుగున్నర. చల్లపల్లిలో ఇంకా పాలవాళ్లు కూడా బయల్దేరని వేళ. వీధి దీపాల వెలుతురులో ఒక్కొక్కరే వచ్చి చేరుతుంటారు. డాక్టర్లు, టీచర్లు, రైతులు, గృహిణులు, పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లు. ఒకరి చేతిలో చీపురు, ఇంకొకరి చేతిలో పార, మరొకరి దగ్గర దంతె. ‘బాగున్నారా’ అంటే ‘బాగున్నారా’ అనుకోవడం, గ్లవుజులు తొడుక్కోవడం, పనిలోకి దిగిపోవడం. ఆరు గంటలకు ఊరు కళ్లు తెరిచేసరికి ఆ వీధి అద్దంలా ఉంటుంది. చేసినవాళ్లు మాత్రం కాఫీ తాగి ఎవరి పనిమీద వాళ్లు వెళ్లిపోయి ఉంటారు!

ఇది పండగనాటి ముచ్చట కాదు. ‘స్వచ్ఛ చల్లపల్లి’ పేరుతో 2014 నవంబరు 12న మొదలైన ఈ వేకువ సేవకు 2024 నవంబరుతో పదేళ్లు నిండాయి. డాక్టర్ డీఆర్‌కే ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు ముందు నిలిచారు. వాళ్ల వెనక ఊరు నడిచింది. అంతకు ముందు గంగులవారిపాలెం రోడ్డు పక్కన నడవాలంటే ముక్కు మూసుకోవాల్సిన పరిస్థితి. బహిరంగ విసర్జన మానమని జనాన్ని బతిమాలుతూ, ఆ రోడ్డును బాగుచేస్తూ వేసిన అడుగులే తర్వాత ఊరంతటి ఉద్యమానికి దారి చూపాయి. ఇప్పుడు ఊళ్లోకి వచ్చే రోడ్ల పక్కన పూలమొక్కలు పలకరిస్తాయి.

మరి ఇలాంటి ఊళ్లో ఓ నలుగురు స్నేహితులు ఒక మంచి పని కోసం పది కిలోమీటర్లు నడవాలనుకుంటే..? వాళ్ల శనివారం, ఆదివారం ఎలా గడుస్తాయి? సరదాగా ఊహించుకుందాం. ఆ నలుగురూ మీ వీధిలోనూ ఉండొచ్చు మరి!

నడిస్తే డబ్బులొస్తాయా?

మంచిపని కోసం నడవడం మనకు కొత్తేమీ కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో తొలి భూదానం అందుకున్న వినోబా భావే ఆ తర్వాత ఏళ్ల తరబడి దేశమంతా కాలినడకనే తిరిగారు. 1952లో రాయలసీమ కరవు బాధితుల కోసం ఎన్టీఆర్ ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు.

చల్లపల్లి వాళ్లకైతే ఇంకా దగ్గరి జ్ఞాపకం ఉంది. 1977 నవంబరు 19. పక్కనే ఉన్న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజు. కొన్ని గంటల్లోనే వేలమంది ప్రాణాలు సముద్రం పాలయ్యాయి. కొన్ని పల్లెల్లో ఏడ్చేవాళ్లు కూడా మిగల్లేదు. అప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ సహా సినీ నటులు జోలె పట్టి వీధుల్లో నడిచారు. తెర మీద చూసిన దేవుళ్లు గుమ్మం ముందుకొచ్చి చెయ్యి చాపితే కాదన్నదెవరు? ఆనాటి సంగతులు దివిసీమలో ఇవాళ్టికీ తాతలు మనవలకు చెబుతూనే ఉంటారు.

విదేశాల్లో దీనికే ఓ లెక్క కట్టారు. ‘నేను ఇన్ని కిలోమీటర్లు నడుస్తాను, కిలోమీటరుకు ఇంత ఇవ్వండి’ అని ముందే మాట తీసుకోవడం. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ సంగతే చూడండి. క్యాన్సర్ కుడికాలిని మింగేస్తే, కృత్రిమ కాలితో 1980 ఏప్రిల్ 12న పరుగు మొదలుపెట్టాడు, క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు! జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. మరుసటేడాది జూన్‌లో కన్నుమూశాడు. అతని పేరిట పరుగు మాత్రం ఇవాళ్టికీ ఎన్నో దేశాల్లో సాగుతూనే ఉంది.

మన నలుగురి లెక్క అంత పెద్దదేం కాదు. కిలోమీటరుకు పది రూపాయలు. పది కిలోమీటర్లకు వంద. ఒక్కొక్కరు యాభైమందిని అడిగితే అయిదు వేలు. నలుగురికీ కలిపి ఇరవై వేలు. దేనికంటారా? క్యాన్సర్‌కు వైద్యం ప్రభుత్వ పథకంలో ఉచితంగా అందొచ్చు. కానీ విడతకోసారి విజయవాడో, గుంటూరో వెళ్లి రావడానికి ఇద్దరికి బస్సు చార్జీలు, తిండి, పోయిన రెండు రోజుల కూలి... వీటిని ఎవరిస్తారు? ఆ ఖర్చుకు భయపడి కూలిమనిషి ఒక విడత మానేస్తే, మందు సగంలో ఆగిపోతుంది. ఇరవై వేలంటే అలాంటి ఇంటికి కొన్ని నెలల ధైర్యం.

శనివారం: కొలతలూ, కొనుగోళ్లూ

నలుగురిలో ఒకరు దర్జీ, ఒకరు స్కూలు టీచరమ్మ, ఒకరు మందుల షాపాయన. నాలుగో ఆయన రైతు. యాభై అయిదేళ్లుంటాయి. పదేళ్లుగా షుగరు. వరి కోతలై, చేలో మినుము పచ్చగా మొలిచింది. చేతిలో కాస్త ఖాళీ ఉంది.

ఉదయం అయిదున్నరకు నడక. డిసెంబరు కదా, కాలువ గట్టు మీద మంచు దట్టంగా ఉంటుంది. అందుకే లేతరంగు బట్టలు, చేతిలో టార్చి. రోడ్డు మీద నడిచేటప్పుడు కుడిపక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా. చల్లపల్లి మీదుగా వెళ్లే జాతీయ రహదారి మీద లారీలకు మంచూ లేదు, పొద్దూ లేదు!

‘నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి’... వేగానికి ఇదే కొండగుర్తు. మాటే తడబడుతోందంటే తగ్గించాల్సిందే. మొదటి వారం నాలుగు కిలోమీటర్లు, తర్వాత వారం అయిదు, ఆపైన ఆరు... ఇలా మెల్లగా పెంచుకుంటూ పోతే రెండు నెలల్లో పది కిలోమీటర్లు భారమనిపించదు. సాధారణ వేగంతో అది రెండు గంటల నడక. అడుగుల్లో చెప్పాలంటే దాదాపు పదమూడు వేలు. రోజుకు పదివేల అడుగులన్న మాట ఏ వైద్యశాస్త్రమూ కనిపెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఓ అడుగుల మీటరుకు పెట్టిన పేరది! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకో అరగంట.

నడకయ్యాక ఇళ్లకు. టిఫిన్లయ్యాక అసలు హడావుడి. దర్జీకి పెళ్లివారి జాకెట్లు ఇవ్వాల్సి ఉంది. టీచరమ్మకు పరీక్ష పేపర్లు దిద్దాలి, గ్యాస్ బుక్ చేయాలి, అత్తగారిని కంటి డాక్టరుకు చూపించాలి. రైతు పురుగుమందు కొనాలి, బ్యాంకుకు వెళ్లాలి. ఈ పనుల మధ్యలోనే విరాళాల పుస్తకం కూడా తిరుగుతుంది. బ్యాంకు క్యూలో ఇద్దరు, ఎరువుల కొట్లో ముగ్గురు, డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నవాళ్లలో నలుగురు.

‘నువ్వు నడిస్తే నేనెందుకివ్వాలయ్యా?’ అని అడిగేవాళ్లూ ఉంటారు.

‘పోనీ మీరు నడవండి బాబాయ్, నేనిస్తాను!’ అంటే నవ్వేసి జేబులో చెయ్యి పెడతారు.

అడగడం కన్నా ముఖ్యం లెక్క చెప్పడం. ఎవరిచ్చిందైనా రసీదు రాయాలి. వచ్చిందెంత, ఖర్చయ్యిందెంత అన్నది అందరికీ కనిపించే చోట అంటించాలి. డబ్బు తీసుకుంటున్న రోగి పేరు మాత్రం గోడకెక్కకూడదు. సాయం పొందడమంటే పరువు తాకట్టు పెట్టడం కాదు కదా.

సాయంత్రం బూట్ల కొట్టు. కొత్తవి కొనాలంటే ఇప్పుడే కొనాలి. నడకకు ముందురోజు కొంటే కాళ్లు బొబ్బలెక్కడం ఖాయం. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొలత చూసుకోవడానికి అదే మంచి వేళ. బొటనవేలి ముందు కాస్త జాగా ఉండాలి. నూలు మేజోళ్లు చెమటకు తడిసి ఒరుసుకుంటాయి, చెమటను త్వరగా ఆరనిచ్చేవి నయం.

ఆదివారం: వెనకబడినాయన

ఆదివారం ఆరు కిలోమీటర్లు. మోపిదేవి వైపు మూడు వెళ్లి, వెనక్కి మూడు. నాలుగో కిలోమీటరు దాటాక రైతు వెనకబడ్డాడు. ముందు ముగ్గురూ గమనించలేదు. చూసుకునేసరికి ఆయన మైలురాయి మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు.

మందుల షాపాయనకు విషయం అర్థమైంది. ‘ఏం తిన్నావు?’

‘ఏం తినలా. మాత్ర మాత్రం వేసుకున్నా.’

షుగరు పడిపోయింది! జేబులోని గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంట కూర్చోబెట్టి, రెండు బిస్కెట్లు తినిపిస్తే ఆయన తేరుకున్నాడు. షుగరున్నవాళ్లు నడక పెంచేముందు డాక్టరును కలవాలని, మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో నడవకూడదని, జేబులో చక్కెరో గ్లూకోజో ఉండాలని, ఇంటికెళ్లాక పాదాల్లో పుండ్లేమైనా ఉన్నాయేమో చూసుకోవాలని అప్పుడు నలుగురికీ బోధపడింది.

‘నేను మానేస్తాలే. మీరు ముగ్గురూ కానివ్వండి’ అన్నాడు రైతు, తలెత్తకుండా.

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి టీచరమ్మ అంది. ‘అన్నయ్యా, జబ్బుతో ఉన్నవాళ్ల కోసం నడుస్తూ, జబ్బున్నవాణ్ని వదిలేసి వెళితే ఇక ఆ నడకెందుకు? మీరు ముందు నడవండి. మీ వేగమే మా వేగం.’

తిరుగుదారిలో వరస మారింది. నెమ్మదిగా నడిచేవాడు ముందు, చురుగ్గా నడిచేవాళ్లు వెనక. గంటకు నాలుగు కిలోమీటర్లే. అయితేనేం? పది కిలోమీటర్లకు రెండుకు బదులు రెండున్నర గంటలు పడుతుంది. ఇచ్చేవాళ్లు కిలోమీటర్లకే ఇస్తున్నారు కానీ, నిమిషాలకు కాదుగా! ఆయన డాక్టరు సరేనంటేనే నడుస్తాడు. కాదంటే పది కిలోమీటర్ల దగ్గర నీళ్ల బల్ల వేసుకుని కూర్చుంటాడు. అదీ పనే.

చివరి అడుగు దాకా...

ఒక్కరోజు నడక సులువే. టీషర్టులు, ఫొటోలు, చప్పట్లు ఉంటాయి. మర్నాటి సంగతే కష్టం. చల్లపల్లి వేకువ సేవకులు చెప్పకుండానే చెబుతున్న పాఠం అదే. ఊడ్చిన చోటే మళ్లీ ఎవరో చెత్త వేస్తారు. నాటిన మొక్కను మేక తింటుంది. వానొస్తుంది, ఒంట్లో బాగుండదు. అయినా రేపు నాలుగున్నరకు మళ్లీ నలుగురు వస్తారు. నలుగురొస్తే అయిదో మనిషికి ఇంట్లో పడుకోబుద్ధి కాదు. స్నేహానికున్న బలమే అంత!

ఆదివారం సాయంత్రం దర్జీ కొట్టు అరుగు మీద మన నలుగురూ విరాళాల పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు. పన్నెండు వందల రూపాయలు తేలతాయి. ఇంకా బోలెడు దూరం ఉంది. రైతు పుస్తకం తీసుకుని తన పేరు ఎదురుగా ఏదో రాస్తాడు. తొంగిచూస్తే... కిలోమీటరుకు పది రూపాయలు, తనకు తనే!

‘ఇదేంటి, నడిచేదీ నువ్వే, ఇచ్చేదీ నువ్వేనా?’ అని దర్జీ నవ్వితే, ఆయన చెప్పులు తొడుక్కుంటూ అంటాడు.

‘నడవలేకపోతే వంద రూపాయలు ఎలాగూ ఇస్తాను. నడిస్తే వందతోపాటు నా షుగరూ తగ్గుతుంది. రేపు అయిదున్నరకు తిని వస్తా. పిలవండి.’